ఎల్మా కారుకి మొలిచిన చెవులు

లాక్స్‌టన్‌లో ఎల్మా నోస్కే ఎవరని అడిగితే, "ఆ పొట్టావిడేగా, నారింజల షెడ్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిందీ" అని ఎవరైనా చెబుతారు. నిలబడితే నాలుగడుగుల పదకొండు అంగుళాలు. అందులో చివరి అంగుళం జుట్టుదేనని ఆమె మొగుడు మెర్విన్ అంటాడు. ఆయన ఆరడుగుల రెండంగుళాలు. పెళ్ళి ఫొటోలో ఈవిడ పూల టోపీ ఆయన కోటు జేబు దగ్గరే ఆగిపోయింది.

షెడ్డులో ఆమె పని కాయలు ఏరడం. బెల్టు మీద నారింజలు వరదలా వస్తుంటే, చేతిలో ఉన్న కాయని తిప్పుతూనే రాబోయే కాయలో పుచ్చుని ఓరకంటితో పట్టేయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలా చూసి చూసి, ఆవిడ కళ్ళు పక్కలకి అలవాటు పడిపోయాయి. చర్చిలో పాస్టరు వైపు చూస్తూనే వెనక వరసలో ఎవరు కునుకు తీశారో చెప్పగలదు.

బండి తోలడం తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన ఆప్రికాట్ పళ్ళు ఎండబెట్టి అమ్మే రైతు. పిల్లకి పన్నెండేళ్ళు రాగానే ట్రాక్టరు ఎక్కించి, వెనక పళ్ళెల ట్రాలీ తగిలించి, ద్రాక్ష సాళ్ళ మధ్యకి వెనక్కి తీయమన్నాడు. "స్టీరింగ్‌ని కిందిభాగంలో పట్టుకో. ట్రాలీ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. ఇంతకు మించి ఇందులో శాస్త్రం లేదు" అన్నాడు. ఒక్క ద్రాక్ష తీగ విరగలేదు. పెళ్ళయ్యాక మాత్రం స్టీరింగ్ మగవాళ్ళదైపోయింది. ఎవరూ లాక్కోలేదు, ఈవిడా ఇవ్వలేదు. అలా జరిగిపోయింది, అంతే.

వాళ్ళకో క్యారవాన్ ఉంది. రెండు మంచాలు, పొయ్యి, చిన్న సింకు ఉన్న చక్రాల ఇల్లు. కారు వెనక తగిలించుకుని, ఏటా ఈస్టర్‌కి దిగువన ముర్రే నది వంపు తిరిగే చోటుకి, పెలికన్ల వంపు అంటారు, అక్కడికి పోతారు. ముప్ఫై నాలుగు ఈస్టర్లు. మెర్విన్ తోలేవాడు. అక్కడికి చేరాక ఎల్మా కిందకి దిగి, వెనక నిలబడి, "రా, రా, ఇంకా రా, ఆగు" అని చేతులూపేది. ఆ వంపు దగ్గర రెండు పెద్ద యూకలిప్టస్ చెట్లున్నాయి. వాటి మధ్య జాగా నోస్కే వాళ్ళదని అందరికీ తెలుసు. క్యారవాన్ పట్టగా అటో జానెడు, ఇటో జానెడు మిగులుతుంది.

ఇంకో సంగతి. మెర్విన్ ఇంట్లో ఏనాడూ టీ పెట్టి ఎరగడు. క్యారవాన్‌లో మాత్రం ఆయనే ముందు లేస్తాడు. పొయ్యి వెలిగించి, టీ కాచి, ఎల్మా పక్కన కప్పు పెట్టి, తలుపు తీసి నది వైపు చూస్తూ కూర్చుంటాడు. ఏడాదికి పది రోజులు ఆవిడ రాణీగారు. ఆ పది రోజుల కోసం మిగతా మూడువందల యాభై అయిదు రోజులూ ఓపిక పట్టేది.

పోయిన అక్టోబరులో మెర్విన్ కుడికంటి మధ్యలో మచ్చ పడింది. ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట పొగ కనిపిస్తోందన్నాడు. డాక్టరు ఇక స్టీరింగ్ ముట్టొద్దన్నాడు. ఆయన లైసెన్సు తెచ్చి డ్రాయరులో పడేసి, ఆ వారమంతా చెట్లకి నీళ్ళు పెడుతూ గడిపాడు. పెట్టిన చెట్టుకే మళ్ళీ పెట్టాడు.

క్రిస్మస్ భోజనాల దగ్గర మాట లేచింది. మెర్విన్ చెల్లెలు ఏవిస్, ఆమె మొగుడు క్లెమ్ వచ్చారు. క్లెమ్‌కి నోరూ పొట్టా రెండూ పెద్దవే. చల్లటి హామ్ మాంసం ముక్క ఫోర్కుకి గుచ్చి, "ఇంక ఆ చక్రాల ఇల్లు ఎలకలకి అద్దెకిస్తావా బావా? మా డొక్కుది వానకి కురుస్తోంది, నాకిచ్చెయ్. వాడేవాళ్ళ దగ్గరుంటే దానికీ మర్యాద" అన్నాడు.

మెర్విన్ పళ్ళెంలోకి చూస్తూ, "అంతే కదా మరి. ఎల్మా తోలలేదుగా" అన్నాడు.

గిన్నెలు కడుగుతున్న ఎల్మా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎల్మా తోలలేదని నీకు ఎల్మా చెప్పిందా?"

బల్ల చుట్టూ పదమూడు మంది. ఫోర్కులన్నీ ఆగిపోయాయి.

"తోలడం వేరు, దాన్ని లాగుతూ తోలడం వేరు ఎల్మా తల్లీ. ఆ చెట్ల మధ్యకి వెనక్కి తీయడం ఇంకా వేరు" అన్నాడు క్లెమ్.

"అయితే విను క్లెమ్. ఈస్టర్‌కి దాన్ని నేనే తోలుకొస్తాను. ఆ రెండు చెట్ల మధ్య నా చేత్తో నేనే పెడతాను. పెట్టానా, అది మాది. పెట్టలేకపోయానా, సోమవారం నువ్వు తగిలించుకుని పో."

"మాట మీద ఉంటావా?"

"పదమూడు మంది విన్నారు. నువ్వు ఉంటావా?"

మెర్విన్ ఆ రోజు రెండోసారి పుడ్డింగ్ వడ్డించుకున్నాడు. అక్టోబరు తర్వాత ఏదీ రెండోసారి అడగని మనిషి.

మొదటి చిక్కు అద్దాల దగ్గర వచ్చింది. క్యారవాన్ కారుకన్నా రెండువైపులా జానెడేసి వెడల్పు. కారు అద్దాల్లో చూస్తే దాని గోడ తప్ప వెనక రోడ్డు కనపడదు. అందుకని కారు అద్దాలకి బయటివైపు పొడుగు చేతుల అద్దాలు తగిలించుకోవాలి. అవి లేకుండా లాగితే పోలీసు ఊరుకోడు. పాతవి ఉన్నాయి గానీ, అవి పాత కారువి. కొత్త కారు అద్దాలు బుగ్గలు పొంగినట్టు లావుగా ఉంటాయి. పాత రబ్బరు పట్టీలు వాటి చుట్టూ అందలేదు.

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఎండలో లైల్ హార్ట్‌విగ్ కారు సామాన్ల దుకాణానికి వెళ్ళారు. ఎల్మా చంకలో దిండు, సంచిలో ఒక నారింజ. దిండు లేకపోతే సీట్లో ఆవిడకి బానెట్ తప్ప ఏమీ కనపడదు.

లైల్ మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. "ఇది అన్నిటికన్నా తేలిక. రబ్బరు గిన్నె నొక్కితే అతుక్కుంటుంది. నిమిషంలో పని."

"ఊడటానికి ఎంతసేపు?"

లైల్ మెడ గోక్కున్నాడు. "బాగా ఎండలో అయితే..."

"ఇక్కడ ఎండ కానిదెప్పుడు? రెండోది చూపించు."

రెండోది రెండు రబ్బరు పట్టీలతో బిగించేది. కారుకి తగిలించాక ఎల్మా దాన్ని వేలితో ఒక్కటి కొట్టింది. అది ఎండుటాకులా వణికింది.

"కొంచెం వణుకుతుంది. అందరూ ఇదే కొంటారు" అన్నాడు లైల్.

"నిలబడ్డ కారు మీదే ఇలా ఉంటే, గాలికి ఏమవుతుంది? వెనక లారీ ఒకటొస్తోందో రెండొస్తున్నాయో ఎలా తెలుస్తుంది లైల్?"

మూడోది బరువు. దానికి పట్టీలతో పాటు ఒక కాలు కూడా ఉంది. ఆ కాలు చివర మెత్తటి రబ్బరు గుండి వచ్చి తలుపుకి ఆనుతుంది. ఎల్మా కొట్టింది, కదిలించింది, వేలాడినంత పని చేసింది. అది కదల్లేదు.

"గాడిదకి చెవులు మొలిచినట్టుంది" అన్నాడు మెర్విన్.

"చెవులున్న గాడిదే వెనకొచ్చేది ముందు పసిగడుతుంది. ఆ నారింజ పట్టుకుని ఇరవై అడుగులు వెనక్కి పోయి నిలబడు."

మెర్విన్ పోయి నిలబడ్డాడు. ఆ అద్దం గాజులు రెండు రకాలు. చదునుగా ఉండేది ఒకటి, బయటికి ఉబ్బింది ఒకటి. ఉబ్బినదాంట్లో దుకాణమంతా కనిపించింది కానీ, మెర్విన్ బొటనవేలంత అయిపోయాడు.

"ఇన్నాళ్ళకి నా ఎత్తుకి దిగొచ్చాడు. ఎక్కడో బెర్రీ ఊళ్ళో ఉన్నట్టున్నాడు" అంది ఎల్మా. చదునుదాంట్లో తక్కువే కనిపించింది కానీ, నారింజ నారింజంత ఉంది. ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంది. "నా వైపుకి చదునుది ఇవ్వు. ఎడమ వైపుకి ఉబ్బింది. అటు దూరం లెక్క అక్కర్లేదు, ఏదైనా ఉందా లేదా తెలిస్తే చాలు."

"ఒకే రకం జతగా అమ్ముతానమ్మా."

"చెప్పులైతే జతగా కొంటాను. రెండు కళ్ళూ ఒకేలా చూడాలని ఎక్కడుంది? కావాలంటే మా ఆయన్నడుగు."

మెర్విన్ పడీపడీ నవ్వాడు. లైల్ రెండు పెట్టెలు విప్పి, ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తీసిచ్చాడు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సోమవారం సోమవారం లూథరన్ చర్చి వెనక మైదానంలో సాధన. ఖాళీ క్యారవాన్ తగిలించి తీసుకెళ్ళేది. ఒక ఎర్ర బకెట్టు కుడిమూల వెనక, ఒక పసుప్పచ్చది ఎడమమూల వెనక పెట్టి, అద్దాలు తిప్పుకుని రెండూ కనిపించేలా చూసుకునేది. అప్పుడు తీయడం మొదలుపెట్టేది. మొదటివారం ఎర్ర బకెట్టు అప్పచ్చయింది. నాలుగోవారానికి పాస్టరుగారు కిటికీలోంచి చూడటం మానేశారు. మార్చి చివరికి చేయి తనంతట తానే తిరిగేది, ద్రాక్ష సాళ్ళలో తిరిగినట్టే.

ఈస్టర్ ముందు గురువారం బయలుదేరాలి. మెర్విన్‌కి ఒక పట్టింపు. రేపటి పని ఇవాళ సాయంత్రమే అయిపోవాలి. వాళ్ళ నాన్న అంతే, వాళ్ళ తాతా అంతే. బుధవారం సాయంత్రం క్యారవాన్ నీళ్ళ తొట్టి నింపాడు, ముందు పెట్టెలో గ్యాసు సిలిండర్లు, పనిముట్లు, మడత కుర్చీలు అన్నీ కుక్కాడు. తర్వాత షెడ్డులో ఉన్న కారుకి అద్దాలు తగిలించాడు. దిండు వేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని ఎల్మా ఎత్తుకి వంగి కూర్చుని, బకెట్లు పెట్టి, ఎడమకంటితో చూస్తూ గంటసేపు గాజులు సర్దాడు. లోపలికొచ్చి, "అద్దాలు పెట్టేశాను. నువ్వింక ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. ఆరు నెలల తర్వాత ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఎల్మా సరేనంది.

పొద్దున క్యారవాన్ తగిలించారు. ఎక్కి కూర్చోగానే అద్దంలో ఏదో తేడాగా అనిపించింది ఎల్మాకి. వెనక రోడ్డు కన్నా నేల ఎక్కువ కనిపిస్తోంది. సరిచేయమందామని నోటిదాకా వచ్చింది. పక్కనే మెర్విన్ పెళ్ళికి బయలుదేరినవాడిలా కూర్చున్నాడు. మింగేసింది.

దారిలో వైకరీ ఊరి దగ్గర తెలిసొచ్చింది. అద్దంలో క్యారవాన్ చక్రం, పక్కన తారు, అంతే. ఉన్నట్టుండి చెవి పక్కనే ఓడ కూత లాంటి హారన్. ద్రాక్షలు మోసే జంట ట్రాలీల లారీ పక్కనుంచి దూసుకుపోయింది. దాని గాలికి క్యారవాన్ ఒక్క ఊపు ఊగి సర్దుకుంది. ఎల్మా చేయి కదల్లేదు. మెల్లగా వేగం తగ్గించి, లారీలు ఆగే చోటు చూసి పక్కకి తీసి ఆపింది.

"అది ఎంతసేపట్నుంచి వెనకుందో నాకు కనపడలేదు" అంది.

"కనపడకపోవడమేంటి? నిన్న సాయంత్రం గీత గీసినట్టు పెట్టానే" అన్నాడు మెర్విన్.

ఎల్మా దిగింది. కారు వెనక్కి పోయి చూసింది. నీళ్ళూ సిలిండర్లూ కుర్చీలూ అన్నీ ముందుకే మోపి ఉన్నాయి. క్యారవాన్ ముక్కు కారు కొక్కెం మీద కూర్చుని, కారు వెనకభాగాన్ని నాలుగు వేళ్ళ మేర కిందకి అణిచేసింది.

"నిన్న కారు ఒక్కటే ఉంది మెర్విన్. ఇవాళ దాని నడుం మీద బరువెక్కింది. నడుం వంగినవాళ్ళ చూపు నేలకే పోతుందిగా. చర్చి వెనకాల ఖాళీ క్యారవాన్, అదీ తగిలించాకే అద్దాలు పెట్టుకునేదాన్ని."

మెర్విన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "అంటే నా మూలంగా..."

"నా మూలంగానే. ఎక్కగానే నాకు తేడా తెలిసింది. నువ్వు నొచ్చుకుంటావని నోరు మూసుకున్నాను. ఇకనుంచి నొచ్చుకుంటే నొచ్చుకో, నేను మాత్రం అడుగుతాను."

"నొచ్చుకుంటాను" అన్నాడు. తలుపు వదిలి వచ్చి, "బకెట్లు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు.

ఎల్మా దిండు మీద కూర్చుంది. మెర్విన్ బకెట్లు వెనక పెట్టొచ్చి, బయట నిలబడి గాజు పట్టుకున్నాడు. "పైకి. ఇంకాస్త. ఎక్కువైంది. ఆ... అక్కడ." గాజు మధ్యలో నింగీ నేలా కలిసే గీత, దాని కింద రోడ్డు, అంచున సన్నగా క్యారవాన్ గోడ, వెనక ఎర్ర బకెట్టు. తర్వాత ఎడమ వైపు. ఆయన పట్టీలు ఇంకో రంధ్రం బిగించాడు. కన్ను పోయింది గానీ ఆ వేళ్ళలో పట్టు పోలేదు.

ఇంతలో ఫోను. క్లెమ్. "ఏరా బావా, ఎక్కడ చిక్కుకున్నారు? వచ్చి లాక్కురమ్మంటావా?"

"టీ తాగుతున్నాం" అని మెర్విన్ పెట్టేశాడు. ఫ్లాస్కు అప్పుడు తీశాడు, మాట అబద్ధం కాకుండా.

అక్కణ్ణుంచి వెనకొచ్చే ప్రతి బండీ చుక్కంతగా ఉన్నప్పుడే అద్దంలో దొరికింది. "తెల్ల కారు. నీలం లారీ. ఇంకో తెల్లది, దానికీ క్యారవానే" అని నారింజలు ఏరినట్టు ఏరుకుంటూ తోలింది.

నాలుగింటికి పెలికన్ల వంపు చేరారు. అక్కడ ఆ వేళకి ఒక ఆనవాయితీ ఉంది. ముందొచ్చినవాళ్ళంతా మడత కుర్చీలు దారివైపు తిప్పి, బీరు డబ్బాలు పట్టుకుని వరసగా కూర్చుంటారు. వచ్చే ప్రతి క్యారవాన్ వెనక్కి తీయడం చూసి, వేళ్ళెత్తి పదికి ఎన్నో మార్కులేస్తారు. మొగుడూపెళ్ళాల పోట్లాట బాగా రక్తికడితే ఒక మార్కు ఎక్కువ. ఆ రోజు పాతిక కుర్చీలు. మధ్యలో క్లెమ్, పక్కన ఏవిస్.

రెండు చెట్ల జాగా వాళ్ళు వచ్చే దారికి ఎడమ చేతి పక్కనుంది. ఎల్మా దాని ముందు ఆగి, మెర్విన్ని దించి, "ఎర్ర బకెట్టు కుడి చక్రం నిలవాల్సిన చోట పెట్టు. పెట్టి, పోయి కుర్చీలో కూర్చో. వెనక ఎవరూ వద్దు. అద్దంలో కనపడని మనిషి నా లెక్కలో లేడు" అంది.

ఆయన అలాగే చేశాడు. ఎల్మా మాత్రం వెనక్కి తీయలేదు. ముందుకి పోనిచ్చింది. జాగా దాటింది, కుర్చీలు దాటింది, దారి మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

"ఇంటికి పోయినట్టుంది పాపం" అన్నాడు క్లెమ్. కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి. ఏవిస్ నవ్వలేదు.

మెర్విన్ అటే చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళూ తను ఎడమవైపు నుంచే తీశాడు. కుడిపక్క కూర్చునే డ్రైవరుకి వెనక్కి తీసేటప్పుడు అటు గుడ్డి. వెనక ఎల్మా చేతులుండేవి కాబట్టి నడిచింది. ఆ సంగతి ఆయనకి ఇప్పుడు తట్టింది.

దారి గుండ్రంగా తిరిగి రెండో కొసనుంచి కారు వచ్చింది. ఇప్పుడు జాగా ఎల్మా కుడిచేతి వైపుంది. ఆవిడ ఆపి, అద్దం చూసి, స్టీరింగ్ కిందిభాగం పట్టుకుంది.

క్యారవాన్ తోక చెట్లవైపు తిరగడం మొదలైంది. క్లెమ్ ఉండబట్టలేక లేచి, వెనక్కి పోయి రెండు చేతులూ గాల్లో తిప్పడం మొదలుపెట్టాడు. కారు ఆగింది. కిటికీ దిగింది.

"క్లెమ్, అది ఎడమకి రమ్మనా, ఈగల్ని తోలుకుంటున్నావా?"

"చెట్టుకి తగులుద్ది ఎల్మా తల్లీ, సాయం చేద్దామని..."

"నువ్వు నా ఎర్ర బకెట్టుకి అడ్డంగా ఉన్నావు. సాయం చేయాలనుంటే కూర్చో."

పాతిక కుర్చీల నవ్వు ఈసారి అటు తిరిగింది. క్లెమ్ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

ఆ ఆపడంలో వంకర కొంచెం ఎక్కువైంది. ఎల్మా తొందరపడలేదు. రెండు మీటర్లు ముందుకి లాగి, చక్రాలు సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టింది. చెయ్యి అరంగుళం కుడికి, కాసేపాగి అరంగుళం ఎడమకి. కుడి అద్దంలో బకెట్టు నారింజంత నుంచి గుమ్మడికాయంత అయింది. క్యారవాన్ తిన్నగా రాగానే ఎడమ అద్దంలోకి రెండో చెట్టు మాను వచ్చి నిలబడింది. బకెట్టు అంచు చక్రానికి ముద్దు పెట్టినట్టు తగిలి, ఊగి, పడకుండా నిలిచింది. ఎల్మా చేతి బ్రేకు లాగింది.

వేళ్ళు లేచాయి. తొమ్మిది, తొమ్మిది, పది. మొగుణ్ణి తిట్టలేదని ఒకాయన ఎనిమిదే వేశాడు.

మెర్విన్ నడిచి వెళ్ళి అటొక జానెడు, ఇటొక జానెడు చేత్తో కొలిచాడు. తర్వాత చెట్టుకి ఆనుకుని, ఎవరూ చూడకుండా ముక్కు తుడుచుకున్నాడు.

"సరే బావా. అయితే ఈ సోమవారం నేను ఉత్తచేతులతో పోవాల్సిందేనా?" అన్నాడు క్లెమ్.

"డ్రైవరుగార్ని అడుగు" అన్నాడు మెర్విన్.

డ్రైవరుగారు అప్పటికే అద్దాలు విప్పుతోంది. లాగడం అయిపోయాక అవి కారుకి ఉండకూడదు, పక్కనుంచి పోయేవాళ్ళ మోచేతులకి తగులుతాయి. పాత ఫ్లానెల్ పైజామా కాళ్ళలో ఒక్కోదాన్ని దూర్చి చుడుతుంటే, ఏవిస్ మెల్లిగా వచ్చి పక్కన నిలబడింది.

"ఒదినా, అవి మా కారుకి పడతాయా?" అని గొంతు తగ్గించి అడిగింది.

ఎల్మా ఆవిడ మొహంలోకి చూసింది. కాళ్ళ దగ్గరనుంచి తలదాకా చూసి, ఎత్తు అంచనా వేసింది. "నీకు దిండు అక్కర్లేదు. రేపు కారు తీసుకురా. కారొక్కటే వద్దు, మీ క్యారవాన్ తగిలించుకుని రా. అది లేకుండా అద్దం పెడితే ఏం లాభంలేదు."

మర్నాడు గుడ్ ఫ్రైడే. తెల్లారి ఎల్మా కళ్ళు విప్పేసరికి మంచం పక్కన టీ కప్పు ఉంది. తలుపు తీసి ఉంది. మెర్విన్ మెట్టు మీద కూర్చుని, మంచి కన్ను నది వైపు పెట్టి పెలికన్లని లెక్కపెడుతున్నాడు.

"చక్కెర ఎక్కువైంది" అంది ఎల్మా.

"నొచ్చుకున్నాను" అన్నాడు మెర్విన్, వెనక్కి తిరక్కుండానే.